బాలానగర్, జీడిమెట్ల చిన్న తయారీ యూనిట్ల సహాయ కార్యక్రమానికి నగరపాలక సంస్థ నిధులు: మీ అభిప్రాయం చెప్పండి

బాలానగర్ మిల్లింగ్

మిత్రులందరికీ నమస్కారం. నేను బాలానగర్‌లో అద్దె షెడ్డు తీసుకుని, రెండు వి.ఎం.సి. యంత్రాలు (కంప్యూటరు నియంత్రణతో లోహాన్ని చెక్కేవి), ఒక లేతు పెట్టుకుని జాబ్ వర్కు చేస్తున్నాను. చిన్న తయారీ యూనిట్లకు తోడ్పడే స్థానిక కార్యక్రమం ఒకదానికి ఏటా కొంత సొమ్ము కేటాయించాలని కోరుతూ మా వీధుల వాళ్లం కొందరం కలిసి హైదరాబాదు నగరపాలక సంస్థకు వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాం. ఇచ్చే ముందు ఇక్కడి సభ్యుల మాట వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

బాలానగర్ చరిత్ర చాలామందికి తెలిసినదే. హెచ్.ఏ.ఎల్., ఐ.డి.పి.ఎల్. వంటి ప్రభుత్వ సంస్థల చుట్టూ, ఆ తరువాత బి.హెచ్.ఇ.ఎల్., ఇ.సి.ఐ.ఎల్., రక్షణ ప్రయోగశాలల ఆర్డర్ల మీద ఇక్కడి షెడ్లు పెరిగాయి. 1968లో కేంద్ర ప్రభుత్వం ఇక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను స్థాపించింది. అక్కడ శిక్షణ పొందినవాళ్లు ఎందరో ఈ వీధుల్లోనే సొంత యూనిట్లు పెట్టారు. విమానాల, ఉపగ్రహాల విడిభాగాలు కూడా ఈ షెడ్లలో తయారవుతున్నాయి.

అయితే పెద్ద సంస్థ ఒకటి కొత్తగా ఆర్డరు ఇవ్వాలంటే నాణ్యతా ధ్రువపత్రం అడుగుతుంది, కొలతల నివేదిక అడుగుతుంది, వాడిన లోహానికి పరీక్షా పత్రం అడుగుతుంది. ఆ కాగితాలు సిద్ధం చేసుకోవడానికి యంత్రం ఆపి తిరగవలసింది యజమానే, ఎందుకంటే ఆపరేటరు, గుమాస్తా, డ్రైవరు అన్నీ అతడే. మేము భవనం అడగడం లేదు, యంత్రాలు అడగడం లేదు. తయారీ పని తెలిసిన ఇంజనీర్లు, లెక్కలూ చట్టమూ తెలిసినవాళ్లు కలిసి ఓ పదిమంది షెడ్డు షెడ్డుకూ వచ్చి, సమస్య విని, సరైన చోటికి దారి చూపి, ఆ పని పూర్తయ్యే దాకా వెంట ఉండాలని అడుగుతున్నాం. వాళ్ల జీతాలకే ఈ నిధులు.

కూకట్‌పల్లి నివాసి

మీ ఇబ్బంది అర్థమైంది. కానీ పన్ను కట్టే నగరవాసిగా నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, వర్షం పడిన ప్రతిసారీ మా కాలనీలో నాలా పొంగుతుంది. నగరపాలక సంస్థ ముందుగా చేయవలసిన పనులే ఇన్ని మిగిలి ఉండగా, సొంత లాభం కోసం నడిచే యూనిట్లకు ప్రజల సొమ్ము ఎందుకు ఇవ్వాలి? పరిశ్రమలకు కేంద్ర పథకాలు ఉన్నాయి, రాష్ట్రానికి పరిశ్రమల శాఖ ఉంది, 1978 నుంచి జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఉన్నాయి. వీటి మీద మరో కార్యాలయం ఎందుకు?

రెండవది కాలుష్యం. జీడిమెట్ల గాలి వాసన ఎలా ఉంటుందో అక్కడికి దగ్గరగా ఉన్నవాళ్లను అడగండి. కాటేదాన్ పక్కన నూర్ మహమ్మద్ కుంట ఏ గతి పట్టిందో పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. నివాసాల మధ్యనున్న పరిశ్రమలను నగరం ఇంకా నిలబెట్టాలా, మర్యాదగా బయటికి పంపాలా అన్నది ముందు తేల్చవలసిన ప్రశ్న.

లెక్కల పద్దు

నేను పురపాలక లెక్కల విభాగంలో పనిచేసి విరమించాను. ఈ ఖర్చు చట్టప్రకారం సాధ్యమా అన్న సంగతి చెప్పగలను.

రాజ్యాంగపు పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. వాటిలో ఎనిమిదవది చిన్నతరహా పరిశ్రమలు, తొమ్మిదవది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు. నగరాలకు ఉద్దేశించిన పన్నెండవ షెడ్యూలులోని 18 అంశాలలో మాత్రం చిన్న పరిశ్రమలు అన్న అంశమే లేదు. ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక అన్న అంశం ఒక్కటే మనకు ఆధారం. ఊరి పంచాయతీకి ఉన్నపాటి స్పష్టత కూడా వేలాది యూనిట్లున్న మహానగరానికి లేకపోవడం నన్ను ఉద్యోగంలో ఉన్నప్పుడూ బాధించేది. అయినా దారి మూసుకుపోలేదు. మన నగరపాలక సంస్థ నడిచే 1955 నాటి చట్టం, సంస్థ విధిగా చేయవలసిన పనులను, తన విచక్షణతో చేయదగిన పనులను వేరుచేసి చెబుతుంది. ఇటువంటి ఖర్చుకు పాలకవర్గం తీర్మానం, ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ రెండూ ఉంటే ఆడిట్ అభ్యంతరం రాదు.

ఇలాంటి పని నగరానికి కొత్త కూడా కాదు. 2020లో వీధి వ్యాపారులకు ప్రధానమంత్రి స్వనిధి రుణాలు మొదలైనప్పుడు దరఖాస్తులు నింపించి, గుర్తింపు పత్రాలు ఇచ్చి, బ్యాంకుల చుట్టూ తిరిగింది పురపాలక సిబ్బందే. రుణం బ్యాంకుది, పథకం కేంద్రానిది, మనిషి సాయం నగరానిది. ఇప్పుడు మీరు అడుగుతున్నదీ అదే తీరు.

ఇక డబ్బు. పరిశ్రమల మౌలిక సదుపాయాల సంస్థ ఏర్పాటు చేసిన వాడలలో ఆస్తిపన్ను వసూలు చేసేది నగరం కాదు, ‘ఐలా’ అని మనం పిలిచే పారిశ్రామిక ప్రాంత స్థానిక ప్రాధికార సంస్థ. వసూలైన దానిలో 35 శాతం స్థానిక సంస్థకు చేరుతుంది, తక్కినది వాడలోనే రోడ్లకూ దీపాలకూ కాలువలకూ ఖర్చు కావాలి. నగరానికి చేరే ఆ 35 శాతం సాధారణ నిధిలో కలిసిపోతుంది. దానిలో కొద్ది భాగాన్ని ప్రత్యేక పద్దుగా చూపి, ఈ కార్యక్రమానికే వాడాలని అడగండి. అప్పుడు కూకట్‌పల్లి నివాసి గారి కాలనీ నాలా డబ్బు తీశారన్న మాట రాదు. పరిశ్రమలు కట్టినదానిలోంచే పరిశ్రమలకు ఇచ్చినట్టవుతుంది.

బాలానగర్ మిల్లింగ్

ఒక చిక్కు ఉందండీ. మా వీధి షెడ్లలో చాలా వరకు ఏ ఐలా పరిధిలోనూ లేవు. మేము ఆస్తిపన్ను, ట్రేడ్ లైసెన్సు రుసుము నేరుగా నగరపాలక సంస్థకే కడతాం. మీరు చెప్పిన పద్దులో ఐలా వాటాతో పాటు మా రుసుములలోని భాగం కూడా చేరాలి. లేకపోతే ప్లాట్లున్నవాళ్లకే సాయం అంది, అద్దె షెడ్ల వాళ్లం బయటే ఉంటాం.

ఆటోనగర్ బెజవాడ

విజయవాడ నుంచి రాస్తున్నాను. మా జవహర్ ఆటోనగర్ 1960లలో వెలసింది. లారీలకు, బస్సులకు బాడీలు కట్టే పని మా పేరు నిలబెట్టింది. కొలత కంటితో చూసి, చెక్కా ఇనుమూ చేతితో తీర్చిన మేస్త్రీలు మా దగ్గర ఉండేవారు. తరువాత బస్సు బాడీలకు ఏ.ఐ.ఎస్.-052 నియమావళి వచ్చింది. సీట్ల బిగింపు, అత్యవసర ద్వారాలు, కిటికీల కొలతలు, వాడే వస్తువుల పరీక్షలు, డ్రాయింగులు, గుర్తింపు ఇవన్నీ తప్పనిసరి అయ్యాయి. ప్రయాణికుల ప్రాణాల కోసం తెచ్చిన నియమాలు కాబట్టి వాటిని నేను తప్పుపట్టను. కానీ ఆ పుస్తకం చదివి, మా షెడ్డులో ఏది మార్చాలో చెప్పి, డ్రాయింగు గీయించి, పరీక్షా సంస్థతో మాట్లాడి పెట్టే మనిషి ఒక్కరు అందుబాటులో ఉండి ఉంటే, చేతిలో పని ఉన్న ఎందరో మేస్త్రీలు మరమ్మతులకే పరిమితమై ఉండేవారు కాదు. అప్పు దొరకక ఆగినవాళ్లకంటే ఆ నియమం ఎలా అందుకోవాలో తెలియక ఆగినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

కాబట్టి జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది కదా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఆ కేంద్రం రాయితీ దరఖాస్తు తీసుకుంటుంది. షెడ్డుకు వచ్చి డ్రాయింగు చూడదు. ఆ పని దానికి ఎవరూ అప్పగించలేదు కూడా.

బే ఏరియా తెలుగు

నేను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటాను. మీరు తలపెట్టినటువంటి కార్యక్రమం ఈ నగరంలో ఉంది కాబట్టి దాని సంగతి కొంత వివరంగా చెబుతాను.

2010లో ఇక్కడ ‘ఎస్ఎఫ్ మేడ్’ అనే లాభాపేక్ష లేని సంస్థ మొదలైంది. నగరంలోనే వస్తువులు తయారుచేసే చిన్న కంపెనీలకు సలహా ఇవ్వడం, స్థలం వెతికి పెట్టడం, పనివాళ్లను చూపించడం, కొనేవాళ్లతో కలపడం దాని పని. నగర ప్రభుత్వపు ఆర్థిక, ఉపాధి అభివృద్ధి విభాగం దానికి నిధులు ఇస్తూ వచ్చింది. దాతృత్వ సంస్థలు, ప్రైవేటు కంపెనీలు కూడా ఇచ్చాయి. నగరం ఈ పనిని తన సొంత శాఖగా పెట్టుకోకుండా బయటి సంస్థతో ఒప్పందం చేసుకుని, ఏ పనులు జరగాలో అందులో రాసుకుంది. తయారీ పని తెలిసినవాళ్లను తీసుకోవడానికి ఆ ఏర్పాటు వీలు కల్పించింది.

అయితే సలహా ఒక్కటే సరిపోదని అక్కడివాళ్లకు త్వరలోనే అర్థమైంది. సాఫ్ట్‌వేరు కంపెనీల రాకతో అద్దెలు పెరిగి, చిన్న తయారీదారులు నగరం విడిచిపోసాగారు. 2008లోనే నగరం తూర్పు పేటల ప్రణాళికలో ఉత్పత్తి, పంపిణీ, మరమ్మతు పనులకే కొన్ని ప్రాంతాలను కేటాయించింది. 2016 నవంబరులో ప్రజలు ‘ప్రతిపాదన ఎక్స్’ను ఓటు వేసి ఆమోదించారు, దాని ప్రకారం కొన్ని ప్రాంతాలలో అటువంటి స్థలాన్ని తీసేస్తే బదులు స్థలం కట్టివ్వాలి. ఎస్ఎఫ్ మేడ్ అనుబంధ సంస్థ ఒకటి హూపర్ వీధిలో చిన్న తయారీదారుల కోసమే ఒక భవనాన్ని నిలబెట్టి, 2018లో తెరిచింది. పక్కన కార్యాలయాల భవనం కట్టుకోవడానికి నగరం అనుమతిస్తూ, మొత్తంలో మూడో వంతు తయారీకి ఉంచాలని షరతు పెట్టినందువల్లే అది సాధ్యమైంది. ఈ షరతు సంగతి మీ వినతిపత్రంలో తప్పక రాయండి.

ఇందులో ఒక బలహీనత ఉంది. నిధులు ఏటా బడ్జెట్‌తో ముడిపడి ఉంటాయి కాబట్టి, నగర ఆదాయం పడిపోయిన ఏడాది ఇటువంటి సంస్థలు మొదట భయపడతాయి. మంచి ఇంజనీరు ఒక ఏడాది ఒప్పందానికి రాడు, వచ్చినా ఉండడు.

నగర ప్రణాళిక విద్యార్థిని

బే ఏరియా తెలుగు గారు భూమి ప్రస్తావన తెచ్చినందుకు సంతోషం. హైదరాబాదులో అసలు సమస్య ఇప్పుడు అక్కడే ఉంది.

2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం పారిశ్రామిక భూముల మార్పిడి విధానాన్ని ప్రకటించింది. ‘హిల్ట్’ అని పత్రికలు రాస్తున్నది దాన్నే. బాహ్యవలయ రహదారి లోపలా దాని పరిసరాలలోనూ ఉన్న 22 పారిశ్రామికవాడలలో సుమారు 9,292 ఎకరాలను నివాస, వాణిజ్య, ఇతర ఉపయోగాలకు మార్చుకోవడానికి అది దారి తీసింది. బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్, ఉప్పల్, నాచారం, కాటేదాన్ వంటివన్నీ ఈ లెక్కలోనివే. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 లేదా 50 శాతం అభివృద్ధి ప్రభావ రుసుముగా కట్టాలి. ఈ విధానంపై శాసనసభ లోపలా బయటా జరిగిన రాజకీయ వాదాన్ని ఇక్కడికి తేవడం నా ఉద్దేశం కాదు. కాలుష్యం కలిగించే కర్మాగారాలు జనావాసాల నుంచి తరలాలన్న కారణంలో న్యాయం ఉంది.

కానీ ప్లాటు యజమానికీ షెడ్డులో పనిచేసే తయారీదారుకూ మధ్య తేడాను ఆ విధానం చూడలేదు. భూమి మార్పిడితో లాభపడేది ప్లాటు యజమాని. ఖాళీ చేయవలసింది అద్దె షెడ్డులో వి.ఎం.సి. పెట్టుకున్న బాలానగర్ మిల్లింగ్ గారు. ఆయన యూనిట్ గాలిలోకి రసాయనాలు వదలదు. ఆయనకు లోహాన్ని వేడిచేసి గట్టిపరిచే షాపు పక్క వీధిలో ఉంది, పూత వేసేవాడు ఆ పై వీధిలో ఉన్నాడు, ఇనుము అమ్మే దుకాణం నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఇవన్నీ ఒకదానినొకటి నమ్ముకుని బతికేవి కాబట్టి ఒక్క యూనిట్‌ను తీసుకెళ్లి దూరాన స్థలం ఇస్తే, తక్కినవాటి పని కోసం సామాను రోజూ ఆటోలో నగరంలోకి రావలసి వస్తుంది.

అందువల్ల వినతిపత్రంలో నిధులతో పాటు మరో రెండు కోరికలు చేర్చండి. ప్రభావ రుసుములో కొంత భాగం చిన్న తయారీదారుల కార్యక్రమానికి రావాలి. మార్పిడికి అనుమతి పొందిన ప్రతి పెద్ద ప్లాటులో కొంత నిర్మాణ స్థలాన్ని కాలుష్యం లేని చిన్న తయారీకి, అందుబాటు అద్దెకు ఉంచాలి.

ప్లాటు యజమాని, నాచారం

భూమి ఉన్నవాళ్లందరూ లాభం కోసమే చూస్తున్నారని అనుకోవద్దు. నా యూనిట్ మూతపడి చాలా కాలమైంది. బ్యాంకు బాకీ, కార్మికుల బకాయిలు ఇంకా ఉన్నాయి. ఈ మార్పిడి వస్తేనే ఆ రెండూ తీరతాయి. మూడో వంతు స్థలం తయారీకి ఉంచాలని షరతు పెడితే కొనేవాడు ముందుకు రాడు, రుసుము భారమే చాలా ఉంది. కింది అంతస్తులో తక్కువ భాగం ఉంచాలంటే ఒప్పుకోవచ్చు. దానికి బదులుగా రుసుములో తగ్గింపు ఇవ్వాలి.

నగర ప్రణాళిక విద్యార్థిని

మీ మాటలో న్యాయం ఉంది. స్థలం ఉంచినవారికి రుసుములో తగ్గింపు అన్న ఏర్పాటు నాకూ సరైనదిగానే తోస్తోంది. అయితే ఆ స్థలాన్ని ఎవరికి, ఎంత అద్దెకు ఇస్తున్నారో నిఘా పెట్టేవాళ్లు లేకపోతే అది మూడేళ్లలో షోరూమ్‌గా మారుతుంది. ఆ నిఘా కూడా ఈ కార్యక్రమపు సిబ్బంది చేతిలోనే ఉండాలి.

ఐ.టి.ఐ. శిక్షకుడు

పనివాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2024లో రాష్ట్రం 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. కొత్త యంత్రాలు వస్తున్నాయి, పిల్లలకు ఉత్సాహం ఉంది. కానీ వాళ్లు పెద్ద కంపెనీల వైపే చూస్తారు. చిన్న షెడ్డులో లేతు నడిపే ఒక టర్నరు దగ్గర రెండేళ్లు నేర్చుకున్నవాడికి వచ్చే పనితనం మరెక్కడా రాదని నేను నమ్ముతాను.

అప్రెంటిస్ చట్టం ప్రకారం నలుగురు పనివాళ్లున్న యూనిట్ కూడా అప్రెంటిస్‌ను తీసుకోవచ్చు. 2016లో మొదలైన కేంద్ర ప్రోత్సాహక పథకం స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల దాకా, భరించేలా రూపొందింది. అయినా చిన్న యూనిట్లు ముందుకు రావు, ఎందుకంటే పోర్టల్‌లో నమోదు, ఒప్పందం, నెలనెలా హాజరు నమోదు చేసేవాళ్లు షెడ్డులో ఉండరు. ఇరవై షెడ్లకు కలిపి ఆ పని చూసే ఒక్క మనిషిని నగరం ఇస్తే మా విద్యార్థులను పంపడానికి నేను సిద్ధం.

ఆటోనగర్ బెజవాడ

బాకీల వసూలు కూడా అందులో చేర్చండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం ప్రకారం కొన్నవాడు 45 రోజులలోగా డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కట్టాలి. గడువు దాటిన సొమ్మును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపాలని ఆదాయపు పన్ను చట్టంలోనూ నిబంధన వచ్చింది. చట్టం ఇంత గట్టిగా ఉన్నా చిన్నవాడు ఫిర్యాదు చేయడు, చేస్తే తరువాతి ఆర్డరు రాదు. మధ్యలో ఒక సంస్థ ఉండి, ఒక్కరి పేరు బయటపెట్టకుండా ఒకే కొనుగోలుదారు మీద ఉన్న బాకీలన్నీ కలిపి మాట్లాడగలిగితే కొంత ఫలితం ఉంటుంది. ఫిర్యాదు దాకా వెళితే పేరు దాచడం కుదరదు కాబట్టి, ఈ మాటామంతీ ముందుగానే జరగాలి.

కూకట్‌పల్లి నివాసి

అందరి మాటలూ చదివాను. పరిశ్రమలు కట్టిన పన్నులోంచే ఖర్చు, అదీ వేరే పద్దులో అంటే నా మొదటి అభ్యంతరం చాలావరకు తీరింది. రెండవది తీరలేదు. కాలుష్య నియంత్రణ మండలి షరతులు పాటించని యూనిట్‌కు ఈ కార్యక్రమం సాయం చేయకూడదని స్పష్టంగా రాయాలి. జీడిమెట్లలో పరిశ్రమలు కలిసి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కర్మాగారాన్ని దశాబ్దాల క్రితమే పెట్టుకున్నాయి. కలిసి చేయగలరని అది చూపింది. అయినా చుట్టుపక్కల కాలనీల ఫిర్యాదులు ఆగలేదు. ఇంకొకటి, ఏటా ఏ వార్డులో ఎన్ని యూనిట్లకు ఏ సాయం చేశారో, ఎంత ఖర్చయిందో తెలుగులో ప్రకటించాలి. ఈ రెండూ ఉంటే నేనూ సంతకం చేస్తాను.

లెక్కల పద్దు

షరతులు రెండూ సమంజసమైనవే. ఒప్పందం మూడేళ్లకు చేయమని, మొదటి ఏడాది డబ్బు విడిగా జమచేసి ఉంచమని నా సూచన. ఏడాది చివర వినియోగ ధ్రువపత్రం ఇచ్చాకే మరుసటి విడత అన్న పద్ధతిలో విడత ఎప్పుడూ ఆలస్యమవుతుంది, సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందవు. మంచి పథకాలు ఇలా కుంటుపడడం నేను చూశాను. సంస్థ ఎంపిక బహిరంగ టెండరు ద్వారా జరగాలి. అప్పులు, గ్రాంట్లు నేరుగా పంచే అధికారం దానికి ఇవ్వకూడదు; ఒకసారి డబ్బు పంచడం మొదలైతే షెడ్లకు తిరగవలసిన మనుషులు దరఖాస్తుల దుమ్ములో కూర్చుంటారు.

ఉమ్మడి పరీక్షా కేంద్రం వంటి పెద్ద ఖర్చులకు కేంద్రపు క్లస్టర్ (ఒకే చోటున్న చిన్న యూనిట్ల సమూహం) అభివృద్ధి పథకం ఉంది. ప్రాజెక్టు పరిమాణాన్ని బట్టి 60 నుంచి 70 శాతం దాకా గ్రాంటు వస్తుంది. మిగతా వాటా కూర్చి, సంఘం నమోదు చేసి, నివేదిక రాయడానికే చిన్న యూనిట్లు వెనకాడతాయి. ఆ నివేదిక రాయించడం కూడా ఈ సిబ్బంది పనుల జాబితాలో చేర్చండి. నగరం పెట్టే కొద్ది సొమ్ముతో అంతకు ఎన్నో రెట్ల కేంద్ర నిధి వచ్చే అవకాశం ఉన్నది అక్కడే.

బాలానగర్ మిల్లింగ్

అందరికీ కృతజ్ఞతలు. చర్చను బట్టి వినతిపత్రాన్ని తిరగరాస్తున్నాను. ఐలా వాటాలోంచీ, ఐలా బయటి యూనిట్ల రుసుములలోంచీ ప్రత్యేక పద్దు, మూడేళ్ల ఒప్పందం, షెడ్డుకు వచ్చే సిబ్బంది, అప్రెంటిస్‌ల నమోదు, బాకీల గురించి ఉమ్మడిగా మాట్లాడడం, క్లస్టర్ నివేదిక అనే మూడు పనులు వాళ్లకు అప్పగింత, కాలుష్య షరతు, వార్షిక ప్రకటన. భూమి సంగతి రాష్ట్ర ప్రభుత్వం చేతిలోది కాబట్టి దానిని విడిగా పరిశ్రమల శాఖకు రాస్తాం. నాచారం యజమాని గారు చెప్పిన రుసుము తగ్గింపును అందులో చేరుస్తాను. ప్లాటు యజమానులూ అద్దెదారులూ ఒకే కాగితం మీద సంతకం పెడితే దానికి బరువు ఉంటుంది.

ఒక్క విషయంలో నాకు ఇంకా సలహా కావాలి. అద్దె షెడ్లలో ఉన్నవాళ్లలో చాలామందికి రాతపూర్వక అద్దె ఒప్పందం లేదు, ట్రేడ్ లైసెన్సు యజమాని పేరు మీద ఉంది. సంతకం పెడితే తమ వివరాలు బయటపడి, నోటీసులు వస్తాయని, షెడ్డు ఖాళీ చేయమంటారని వాళ్లు భయపడుతున్నారు. సాయం అందరికంటే ఎక్కువ అవసరమైనది వాళ్లకే. కార్యక్రమంలో చేరిన మొదటి ఏడాది లైసెన్సు క్రమబద్ధం చేసుకోవడానికి జరిమానా లేని గడువు ఇవ్వాలని అడగవచ్చా, లెక్కల పద్దు గారూ?

లెక్కల పద్దు

అడగవచ్చు. జరిమానా మినహాయింపు ఒకసారికి మాత్రమే, గడువు తేదీతో సహా పాలకవర్గ తీర్మానంలో ఉండాలి, నోటి మాట పనికిరాదు. ముసాయిదా సిద్ధమైతే ఇక్కడ పెట్టండి, ఆ పేరా నేను రాసిస్తాను.